ఎప్పుడొస్తావని అడగని ఇల్లు

పాలతను గేటు దగ్గర నిలబడి, "ఇంట్లో ఎవరూ లేరాండి?" అని అడిగాడట. అడిగింది సెంగోడన్నను. ఆ ఇల్లు సెంగోడన్నది. ఆ గేటుకు రంగు వేయించింది ఆయనే, ఆ పొద్దున పాలగిన్నె పట్టుకుని గేటు వెనక నిలబడ్డదీ ఆయనే. "లేరండి" అని చెప్పి, పాలు పోయించుకోకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి ఆయనే నా కొట్టుకు వచ్చి చెప్పి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పాలతణ్ణి తిట్టాలనిపించింది గానీ, వాడిని తిట్టి లాభమేముంది. మూడేళ్ళుగా ఆ వీధిలో పాలు పోస్తున్నాడు. ఆ ఇంట్లో సెంగోడన్న భార్య నల్లమ్మక్క తప్ప ఇంకో మనిషి ఉన్నట్టు వాడికి ఎవరూ చెప్పలేదు.

నా పేరు గురునాథన్. సంగగిరిలో తిరుచెంగోడు రోడ్డు మీద లారీలకు టార్పాలిన్లు కుడతాను. మా ఊళ్ళో ఇంటికొక లారీ ఉంటుంది, లేకపోతే లారీ తోలే మనిషి ఉంటాడు. దేశమంతా తిరిగేవాళ్ళకు కప్పులు కుడుతూ నేను మాత్రం ముప్పై ఐదేళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చున్నాను. కూర్చున్నవాడికి నోరు ఎక్కువ. తిరిగొచ్చినవాళ్ళు చెప్పినవన్నీ వింటాను, వినకూడనివి కూడా వింటాను, తర్వాత ఒకరివి ఒకరికి చెబుతాను. ఆ నోటితో నేను చేసిన పాపం ఒకటి ఈ కథలోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

సెంగోడన్న ఎనిమిదో తరగతి తప్పి క్లీనరుగా బండెక్కాడు. ఇరవై రెండో ఏట స్టీరింగు పట్టుకున్నాడు, యాభై ఎనిమిదో ఏట వదిలాడు. సగ్గుబియ్యం ఇండోరుకు, సిమెంటు కొచ్చికి, కోడిగుడ్లు గౌహతికి. తిరుగు లోడు దొరికేదాకా అక్కడే పడిగాపులు. ఒక్కోసారి ఆ లోడు ఇంటివైపు కాకుండా ఇంకో దిక్కుకు దొరికేది, అటే పోయేవాడు. ఇరవై రోజుల్లో రావలసినవాడు యాభై రోజులకు వచ్చేవాడు. వచ్చినవాడు రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు తలంటుకుని, నాలుగో రోజు మళ్ళీ బండి దగ్గర ఉండేవాడు.

లారీ ఇళ్ళలో ఒక కట్టు ఉంది. బండెక్కేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తావని అసలే అడగకూడదు. చక్రం కింద నిమ్మకాయ పెడతారు, కర్పూరం తిప్పుతారు, "వెళ్ళి రండి" అంటారు. బండి మలుపు తిరిగేలోపే గేటు మూసి లోపలికి వెళ్ళిపోతారు. తారీఖు నోట్లోంచి వచ్చిందంటే దారి దాన్ని వింటుందని, విని అడ్డుపడుతుందని మా ముసలివాళ్ళ మాట. చెప్పేవాళ్ళూ నమ్మలేదు, వినేవాళ్ళూ నమ్మలేదు, తప్పడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేకపోయింది.

సెంగోడన్న కూతురు శాంతామణి ఒకసారి ఆ కట్టు తప్పింది. అప్పటికి దానికి ఏడేళ్ళు. తండ్రి బండెక్కుతుంటే వీధి మధ్యలోకి పరిగెత్తుకుని వచ్చి, "అప్పా, ఎప్పుడొస్తారు?" అంది. నాయనమ్మ దాని నోటి మీదే కొట్టింది. పెదవి చిట్లింది. బండి కదిలిపోయింది. పన్నెండో రోజున టెలిగ్రాం వచ్చింది. బేతూలు దగ్గర ఘాట్ రోడ్డులో చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీ విరిగి లారీ పల్లంలో పడింది. సగ్గుబియ్యం బస్తాలు పగిలి, వానకు నాని, పల్లమంతా గంజి చేసినట్టు ఉబ్బిపోయిందట. సెంగోడన్న ఎడమకాలు విరిగింది. అక్కడి ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు పడుకుని, రెండు నెలలకు కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ కుంటు ఇవాళ్టికీ ఉంది.

వీధి వీధంతా ఒకటే మాట అంది: ఆ పిల్ల నోరు మంచిది కాదు. నేనూ అన్నాను. ఈ బల్ల మీదే కూర్చుని, అది స్కూలుకు పోతుంటే వినపడేట్టే అన్నాను. అప్పుడు నాకు పాతికేళ్ళు, పెళ్ళాం పిల్లలు లేరు, నోరొక్కటే ఉంది. ఆ పిల్ల తల వంచుకుని పోయింది.

ఆ తర్వాత శాంతామణి పెరిగింది, పదో తరగతి పాసైంది, కొమారపాళయంలో మరమగ్గాలున్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. లారీలున్న సంబంధాలు రెండొస్తే వద్దంది. సంగగిరి నుంచి కొమారపాళయానికి బస్సులో నలభై నిమిషాలు. గౌహతికి యాభైసార్లు పోయివచ్చిన సెంగోడన్న ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాడు. నాలుగుసార్లూ పెద్ద వేడుకలకే. అందరితో పాటు అరిటాకు ముందు కూర్చుని తిని, అందరితో పాటు తిరిగి వచ్చాడు.

బండి దిగాక ఆయనకు ఇంట్లో చోటు దొరకలేదు. నల్లమ్మక్క చెడ్డ మనిషి కాదు. కూతురి పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి ఒక్కదానికి వండుకున్న చెయ్యి ఒక్కదానికే కొలత తీసేది. అన్నం చాలకపోతే నాలిక కరుచుకుని మళ్ళీ ఎసరు పెట్టేది. ఆయన చొక్కా తగిలించడానికి గోడకు మేకు లేదు. పంచదార డబ్బా ఎక్కడుందో అడగాలి. పెళ్ళిపత్రికలు ఆమె పేరు మీదే వస్తాయి. ఆమె టీవీ చూసే వేళ, ఆమె కునుకు తీసే వేళ, ఆమె పక్కింటివాళ్ళతో పల్లీలు ఒలిచే వేళ అన్నీ ఎప్పుడో కుదిరిపోయాయి. ఆ వేళల మధ్య ఈయన చుట్టంలా తిరిగేవాడు. అందుకే పొద్దున తొమ్మిదికి నా కొట్టుకు వచ్చి, టార్పాలిన్ కట్టల మీద కూర్చుని, సాయంత్రం ఆరింటికి లేచేవాడు. నాకు చిరాకేసేది. పని సాగేది కాదు. ఆయన రాని రోజు అంతకంటే సాగేది కాదు.

పోయిన ఏడాది వేసవిలో, పొద్దున పదకొండింటికి, శాంతామణి నా కొట్టు ముందు బస్సు దిగింది. వెంట కొడుకు ముగిలన్. పదిహేడేళ్ళు, ప్లస్ టూ అయిపోయింది, మూతి మీద నూగుమీసం. పుట్టింటి గడప తొక్కకుండా నేరుగా తండ్రి కూర్చున్న చోటికే వచ్చింది.

"అప్పా, వీడు లారీ తోలతానంటున్నాడు. కాలేజీ ఫారం తెచ్చిస్తే చింపేశాడు. మీరు చెప్పండి వీడికి."

"ఏం చెప్పమంటావు సామీ?" అన్నాడు. మా వైపు పిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తాం.

"వద్దని చెప్పండి. ఇన్నేళ్ళలో నేను మిమ్మల్ని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఇదొక్కటి చెయ్యండి చాలు. మీరు చెబితే వింటాడు."

నేను సూది ఆపాను. ఆమె చెప్పింది నిజమే. ఆ పెదవి చిట్లిన రోజు నుంచి ఆ పిల్ల తండ్రిని ఏమీ అడగలేదు. ఇప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఎవరో ఇంట్లోకి రమ్మన్నట్టు సర్దుకుని కూర్చున్నాడు. కూతురికి దగ్గరయ్యే దారి ఇదొక్కటేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"చూడు ముగిలూ," అని మొదలుపెట్టాడు. "మొలలొస్తాయి."

కుర్రాడు నవ్వాపుకున్నాడు. మా వైపు అమ్మకు నాన్నైన తాతను అప్పుచ్చి అంటాం. "రానీండి అప్పుచ్చీ," అన్నాడు.

"నవ్వకు. ఇంజను వేడికి కుడికాలు చర్మం ఊడొస్తుంది. నాగపూరు దాటితే మన రసం నోటికందదు, స్టవ్వు పెట్టుకుని నువ్వే వండుకోవాలి. నడివానలో లోడు మీదికెక్కి టార్పాలిన్ పట్టా కప్పాలి. మాకు క్లీనరన్నా ఉండేవాడు, మాట్లాడేందుకు. ఇప్పుడు వాడు కూడా ఉండడు, ఒక్కడివే. రెండ్రోజులు మాట్లాడకపోతే నీ గొంతు నీకే కొత్తగా ఉంటుంది."

ఇంతవరకు బాగానే ఉంది. శాంతామణి తలూపింది. ఆయన అక్కడ ఆగి ఉంటే సరిపోయేది.

"అస్సాంలో ఒక ఏరుంది," అన్నాడు. "వంతెన లేదు అప్పట్లో. లారీని పడవ ఎక్కించాలి. రెండు పలకలు, అంతే. చక్రం జానెడు అటుపోతే నీళ్ళలోకే. నేను ఎక్కించాను చూడు, ఆ పడవవాడు నా చెయ్యి పట్టుకుని..."

కుర్రాడు ముందుకు జరిగాడు. ఆయన ఆ ఏరు దాటి, మంచులో కనపడని లోయ దాటి, బుట్టెడు కమలాపళ్ళు ఇచ్చిన ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి కళ్ళూ ఒకేలా మెరుస్తున్నాయి. నేను దగ్గాను. వినిపించుకోలేదు.

"ఏంటన్నా, వద్దని చెప్పమంటే దగ్గరుండి బండెక్కిస్తున్నారేంటి?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. కూతురి వంక చూడలేక నేల చూశాడు. కుర్రాడు ఆ సందు చూసుకుని, "లైసెన్సు ఎప్పుడిస్తారు అప్పుచ్చీ?" అని అడిగాడు.

"పద్దెనిమిది నిండితే చిన్న బండిది. అది ఏడాది తోలాలి. ఇరవై నిండాక పెద్దది. అంతదాకా మంచి డ్రైవరు పక్కన కూర్చుని పని నేర్చుకో. ముందు కళ్ళు చూపించుకో. ఇంకొకడు కట్టిన తాడు నమ్మకు, దిగి నువ్వే లాగి చూడు. నిద్రొస్తే ఓనరు ఏమన్నా సరే బండి ఆపు." పని మాట వచ్చేసరికి ఆ నోరు దానంతటదే నడిచింది.

"అప్పా," అంది శాంతామణి. ఒక్క మాటే అంది.

తర్వాత కుర్రాడే అడిగాడు, మెల్లగా. "మీకు ఇంటికి రావాలనిపించేది కాదా?"

సెంగోడన్న టార్పాలిన్ అంచును వేళ్ళ మధ్య మడిచాడు.

"అనిపించేది సామీ. అనిపించినప్పుడల్లా ఇంకో లోడు దొరికేది. ఎప్పుడొస్తావని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడగలేదు గనక నేను చెప్పలేదు. చెప్పలేదు గనక రాకపోయినా నాది తప్పు కాదు. ఎంత హాయిగా ఉండేదో తెలుసా. రేపు వెళ్దాంలే, వచ్చే లోడుకు వెళ్దాంలే అనుకునేవాణ్ణి. అలా అనుకుంటూనే మీ అమ్మకు పెళ్ళీడు వచ్చేసింది."

అక్కడ ఆగి, కుంటికాలును రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాపాడు. ఈసారి కూతురితో మాట్లాడాడు.

"శాంతా. ఆ కమాన్ పట్టీకి చీలిక ఉంది. బయల్దేరడానికి ముందురోజే చూశాను. మారిస్తే రెండ్రోజులు ఆగాలి, లోడు ఇంకొకడికి పోతుంది. దాని చుట్టూ తాడు బిగించి బయల్దేరాను. నువ్వడిగినందుకు కాదు తల్లీ. నువ్వడిగేటప్పటికే అది చీలి ఉంది."

నా చేతిలో సూది అలాగే ఉంది. ముప్పై మూడేళ్ళు ఈ మనిషి ఈ మాట దాచుకున్నాడు. చెబితే చీలిన పట్టీతో బండి తీసిన డ్రైవరని పేరు వస్తుంది, ఏ ఓనరూ తాళం చేతికివ్వడు. చెప్పకపోతే ఆ తప్పు పిల్ల నోటి మీద ఉండిపోతుంది. ఆయన రెండోది ఎంచుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, వెంటనే నా మీద నాకు వచ్చింది.

శాంతామణి ఏడవలేదు. సంచిని ఒళ్ళోకి లాక్కుని, మా ఇద్దరికీ కాకుండా ఎదురుగా ఉన్న రోడ్డుకు చెప్పినట్టు చెప్పింది.

"వీడు బడికెళ్ళేటప్పుడు ఎప్పుడొస్తావురా అని ఒక్కనాడు అడగలేదండి నేను. మా ఆయన సంతకెళ్తే అడగను. మా అత్త ఆసుపత్రికి వెళ్ళినా అడగలేదు. మా ఆడపడుచులు నన్ను పొగరుబోతు అంటారు, ఎవరెటు పోయినా దీనికి పట్టదు అంటారు. ఎలా చెప్పను వాళ్ళకి. నేనడిగితే కాళ్ళు విరుగుతాయని చెప్పనా?"

మా వైపు తిట్టేటప్పుడు కూడా 'అండి' తీసెయ్యం. ఆమె ఆ రోజు కూడా తీయలేదు. కొడుకు భుజం తట్టి లేపి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది. సెంగోడన్న ఆ బస్సును మలుపు దాకా చూశాడు. తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు.

ఐదు నెలలు ఆమె నుంచి కబురు లేదు. ఆయన నా కొట్లో మాట్లాడటం మానేశాడు. పొద్దున వచ్చి, కట్టల మీద కూర్చుని, సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఒకసారి నేను మాట కలుపుదామని, "పోనీ మీరే ఒకసారి వెళ్ళి రావచ్చుగా" అన్నాను. "రమ్మనలేదు కదా గురునాథూ" అన్నాడు.

కుర్రాడికి పద్దెనిమిది నిండాక ఆమె నాకు ఫోన్ చేసింది. తండ్రికి చెయ్యలేదు. "వాడు వినేట్టు లేడన్నా. వాళ్ళ నాన్న కూడా సరేనన్నారు. మంచి మనిషి పక్కన కూర్చోబెట్టమని మా అప్పకు చెప్పండి. అదొక్కటీ ఆయనకు బాగా తెలుసు," అంది.

సెంగోడన్న పెరియణ్ణన్‌ను పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన బండిలో క్లీనరు, ఇప్పుడు పన్నెండు చక్రాల బండి తోలుతున్నాడు, తాగడు. మొదటి ప్రయాణం ఇండోరుకు, సగ్గుబియ్యం లోడు. ఆ లోడు పేరు విని నేను ఆయన మొహం చూశాను. ఆయన ఆ ముందురోజంతా బండి కింద పడుకుని పట్టీలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో తడిమాడు. చొక్కా అంతా గ్రీజే.

బయల్దేరింది పొద్దున పదిన్నరకు. పట్టా నేను కుట్టిందే. నల్లమ్మక్క కర్పూరం తిప్పింది, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. శాంతామణి ఒక టిఫిన్ క్యారియర్ కొడుకు చేతికిచ్చి వెనక్కి జరిగింది. పెదవులు బిగించుకుని ఉంది. ముగిలన్ తలుపు పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. అందరం "వెళ్ళి రా" అనే మాట కోసం చూస్తున్నాం.

సెంగోడన్న కుంటుకుంటూ ముందుకు వెళ్ళి, వీధంతా వినపడేట్టు అడిగాడు. "ఒరేయ్ ముగిలూ, ఎప్పుడొస్తావు?"

నల్లమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెరియణ్ణన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటన్నా ఇది, బండెక్కేటప్పుడు. మీరే ఇలా అంటే ఎలా?" అన్నాడు. గోడ పక్కనున్న ముసలాయన ఒకడు లేచి వెళ్ళిపోయాడు. నేనూ, చెప్పొద్దూ, ఒకడుగు వెనక్కి వేశాను.

"నిన్నే అడుగుతున్నా. ఏ రోజొస్తావు?"

కుర్రాడు తల్లి వంక చూశాడు, తర్వాత తాత వంక. "పదిహేడో తారీఖు అప్పుచ్చీ. శుక్రవారం."

"కుదరకపోతే ఫోన్ చేసి ఇంకో రోజు చెప్పు. రోజు చెప్పకుండా మాత్రం ఉండకు."

బండి కదిలింది. నిమ్మకాయలు పగిలాయి. నల్లమ్మక్క అలవాటు ప్రకారం గబగబా లోపలికి వెళ్ళి గేటు మూసేసింది, సెంగోడన్న బయట ఉన్న సంగతి మరిచిపోయి.

బస్టాపు నా కొట్టు ముందే. తండ్రీకూతుళ్ళు అక్కడికి వచ్చి, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా నిలబడ్డారు. ఆయన ఆమె వైపు తిరగకుండానే అన్నాడు.

"ఏదన్నా అయితే అడిగింది నేను. అందరూ విన్నారు. నీ నోట్లోంచి ఏమీ రాలేదు. ఈసారి నా మీద వేసెయ్ శాంతా."

ఆమె ఆయన కాలి వంక చూసింది. ఏదో అనబోయింది గానీ బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. సంచి సర్దుకుంది. కండక్టరు విజిల్ వేశాడు. అప్పుడు ఊచల మీద చెయ్యి వేసి, చిన్నపిల్లలా అడిగింది.

"మా ఇంటికి మీరెప్పుడొస్తారప్పా?"

సెంగోడన్న నోరు తెరిచాడు. తారీఖు ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.

కొట్లోకి వచ్చి నా గోడ మీద వేలాడే దినసరి క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. కాగితాలు వేలితో ఒక్కొక్కటే లేపి చూశాడు. "ఏ రోజు చెప్పను గురునాథూ?" అన్నాడు. ఏదో ఒక రోజు చెప్పండి, ఆ రోజు వెళ్ళండి, అంతేగా అన్నాను. "ఆదివారం," అన్నాడు. కూతురి నంబరు ఆయన దగ్గర లేదు. నేనే నొక్కి ఫోన్ ఆయన చెవికి పెట్టాను. చాలాసేపు మోగింది. ఎవరూ ఎత్తలేదు.

బస్సు చప్పుడులో వినపడి ఉండదని నేనన్నాను. తలూపాడు. ఫోన్ నాకు తిరిగి ఇవ్వకుండా, టార్పాలిన్ కట్టల మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాడు.